మిషను వంతు

ఆ వీధిలో పండగ వస్తోందంటే అందరికంటే ముందు తెలిసేది టైలరమ్మకే. వీధికి రెండు చివరలా రెండు ప్రార్థనాలయాలు. దేవుడి పేర్లు వేరైనా ఏడాదికోసారి ఈ పండగ మాత్రం కలిసే చేసుకుంటారు. ఈ చివర దీపం వెలిగించి, మేళంతో ఆ చివరికి తీసుకెళ్తారు. దారిలో ప్రతి గుమ్మం ముందూ ఆగి, ఆ ఇంట్లో పోయినవాళ్ళను తలుచుకుని ఒక పాట వాయిస్తారు. కన్నీళ్ళకీ కొత్తబట్టలకీ ఒకటే రోజన్నమాట. కన్నీళ్ళ సంగతి ఎవరిది వాళ్ళే చూసుకుంటారు గానీ, కొత్తబట్టలు సాయంత్రానికి అందకపోతే తిట్లు తినాల్సింది టైలరమ్మే.

అందుకే తెల్లారకముందే మిషను ముందు కూర్చుంది. మోటారు గుయ్యిమంటోంది. పక్కన గుండీలు లేని చొక్కాలు కొండలా పడున్నాయి.

"అత్తయ్యా, కాఫీ అయితే ఆ గుండీల సంగతి కాస్త చూడండి."

"సూది బెజ్జం కనబడాలంటే నా కళ్ళకి రెండో కప్పు పడాలమ్మాయ్," అంది అత్తగారు, ఖాళీ కప్పు ముందుకు జరుపుతూ.

అప్పుడే కూతురు వచ్చింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, ఎక్కడలేని వినయంతో నిలబడింది. అంత వినయం చూడగానే టైలరమ్మకి అనుమానం వచ్చింది.

"అమ్మా, తిట్టనంటే ఒకటి అడుగుతా. దీన్ని నా కొలతకి తగ్గించి పెడతావా?"

చేతిలో ఎర్రకోటు. తెల్లదారంతో అంచులు కుట్టిన, ఇత్తడి గుండీల కోటు. మేళంలో క్లారినెట్ వాయించిన తన మనిషిది. మూడేళ్ళుగా ట్రంకుపెట్టె అడుగున తాళంలో ఉన్నది.

మోటారు ఆగిపోయింది. "పెట్టె తాళం ఎవరిచ్చారే నీకు?"

అత్తగారు ఉన్నట్టుండి గుండీల మీద అపారమైన శ్రద్ధ చూపించసాగింది. బెజ్జం కూడా కనబడినట్టుంది.

"నానమ్మనేం అనకు. నేనే అడిగాను. ఏడాదిగా తాళాల మావయ్య కొట్లో క్లారినెట్ నేర్చుకుంటున్నా. ఇవాళ మేళంలో నాన్న చోటులో నేను వాయిస్తా."

తాళాల మావయ్య అంటే వీధి మొగలో తాళంచెవులు చేసే ఆయన. పగలు సుత్తి, పండక్కి డోలు. మేళానికి ఆయనే పెద్ద.

"మనిద్దరి మధ్యా దాపరికాలు లేవనుకున్నానే! చాప కింద నీరులా ఏడాది నడిపావన్నమాట," అంది టైలరమ్మ. "వల్లకాదు. ఈ ఇంట్లోంచి ఎవరూ ఆ మేళంలోకి వెళ్ళడానికి వీల్లేదు."

"ఎందుకమ్మా?"

"ఎందుకా? మూడేళ్ళుగా వింటున్నా. అందరి గుమ్మాల ముందూ చెవులు చిల్లులు పడేలా వాయిస్తారు. మన గుమ్మం రాగానే పాట మధ్యలో గప్‌చుప్! ఏం, మనదేమైనా అపశకునం కొంపా? మీ నాన్న పోయాడని ఒక్క పాటకి కూడా పనికిరాకుండా పోయామా? వాళ్ళ జాలి నాకొద్దు. అందుకే కిటికీ మూసేస్తున్నా."

కూతురు కోటు మడత పెట్టి బల్ల మీద ఉంచి, తల్లి కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది.

"అమ్మా, నీకు నిజంగా తెలీదా? వాళ్ళు ఆగేది జాలితో కాదు. ఆ పాట నాన్న కట్టింది. మధ్యలో అందరూ ఆపేసే చోటుంది. అక్కడ ఎవ్వరూ ముట్టుకోకూడదు. నేర్చుకునేటప్పుడు తెలీక ఊదితే మావయ్య నా వేళ్ళ మీద కొట్టాడు. 'అది మీ అమ్మ మిషను వంతమ్మా. మీ నాన్న అలాగే చెప్పాడు' అన్నాడు."

టైలరమ్మకి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

ఆ రోజుల్లో కాలితో తొక్కే మిషను. సరిగ్గా పని మీద పని పడి ఊపిరాడని వేళ, ఆ మహానుభావుడు మేళాన్నంతటినీ కిటికీ ముందు నిలబెట్టి, పాట ఆపి, ఇకిలిస్తూ చూసేవాడు. ఈమెకి ఒళ్ళు మండేది. "వెళ్ళవయ్యా, పనుంది!" అని అరిచి, కోపమంతా కాళ్ళలోకి తెచ్చుకుని ధడధడధడమని తొక్కేది. ఆయన పగలబడి నవ్వి పాట మళ్ళీ అందుకునేవాడు. ఏటేటా అదే తంతు. ఈమె పోట్లాట అనుకున్నదాన్ని ఆయన పాటలో కలిపేసుకున్నాడు.

"మరి వాళ్ళైనా ఒక్క ముక్క చెప్పచ్చుగా?"

"నీకు తెలుసనుకున్నారు. మనసు కుదుటపడితే నువ్వే తొక్కుతావు, తొందరపెట్టకూడదని ఏటా ఆగి, చూసి, వెళ్తున్నారు. నువ్వేమో కిటికీ మూసేస్తున్నావు!"

"నా కోడలు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు," అంది అత్తగారు, కళ్ళు తుడుచుకుంటూ. "వాళ్ళు నాక్కూడా చెప్పలేదు కదే. చెప్పుంటే నేనే తొక్కేదాన్ని."

టైలరమ్మ నవ్వబోయి భోరుమంది. ఆయన పోయిన ఏడే మోటారు పెట్టించి, తొక్కుడుచక్రాన్ని తిప్పే తోలుబెల్టు తీసి తలుపు వెనక మేకుకి తగిలించింది. అది ఇంకా అక్కడే ఉంది.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. అత్తగారు ఎండిపోయిన బెల్టుకి నూనె రాసి మళ్ళీ మిషనుకి ఎక్కించింది. కూతురు గుండీలు కుట్టింది, రెండు చొక్కాలకి తిరగేసి కుట్టింది కూడా. టైలరమ్మ కోటు భుజాలు తగ్గించింది. గుడ్డ కత్తిరించలేదు, లోపలికి మడిచి కుట్టింది. పిల్ల ఇంకా ఎదుగుతుంది కదా.

సాయంత్రం దీపం బయల్దేరింది. రెండు ప్రార్థనాలయాల వాళ్ళూ కలిసిపోయి, ఎవరు ఏ చివరి వాళ్ళో తెలియకుండా వీధి నిండిపోయింది. టైలరమ్మ కిటికీ బార్లా తెరిచి, మిషను దాని ముందుకి జరిపించి కూర్చుంది. మేళం దగ్గరకొచ్చింది. ముందు వరసలో ఎర్రకోటు. పాట సగానికి వచ్చి ఆగింది.

టైలరమ్మ కాలు పెట్టింది. మొదట మిషను కిర్రుమని మొరాయించింది. తర్వాత ధడధడధడ! డోలు పట్టుకున్న తాళాలాయన ఆకాశం వైపు చూసి పెద్దగా నవ్వాడు. గుమ్మం దగ్గర అత్తగారు, కప్పు మీద చెంచాతో తాళం వేసింది.

తొక్కడం ఆగినా పాట మొదలవ్వలేదు. ఎర్రకోటు పిల్ల కిటికీ ముందు అలాగే నిలబడి, అచ్చం వాళ్ళ నాన్నలా ఇకిలిస్తోంది.

టైలరమ్మ చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి.

"వెళ్ళవే, పనుంది!" అని అరిచింది.

పిల్ల నవ్వుతూ పాట అందుకుంది.