ఎంగిలి గోడలు

సువర్చల గేటు తీసి బయటికొచ్చేసరికి సందు లేదు. నిన్న సాయంత్రం దాకా ఉన్న సందే. ఆ చోట ఇప్పుడు పక్కింటి పానకాలరావు వంటగది నిలబడి ఉంది. గోడ ఇంకా బిగుసుకోలేదు. వేలు పెడితే అచ్చు పడేలా ఉంది.

"వంటగది ఆగ్నేయానికి జరిపామండీ డాక్టరమ్మా," అన్నాడు పానకాలరావు, పళ్లు తోముకుంటూనే. "పోయిన్నెల్లో సిద్ధాంతిగారు వాయవ్యమే మంచిదన్నారు. ఇప్పుడు కొత్త సిద్ధాంతిగారొచ్చారు. కాస్త అటు చుట్టు తిరిగి వెళ్లండి, ఏమనుకోకండి."

ఏమనుకుంటుంది? 2091లో మాచర్ల జనం ఇలాంటివాటికి ఏమీ అనుకోవడం మానేశారు. ఉత్తరాలు తెచ్చే డ్రోన్లు తలుపెటుందో తెలీక ఇంటి చుట్టూ చక్కర్లు కొడుతుంటాయి. పిల్లలు బడి నుంచి వచ్చి, సొంతిల్లు పోల్చుకోలేక పొరుగింట్లో అన్నం తినేస్తుంటారు. ఒళ్లు దురద పెట్టిన మనిషిలా ఊరు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట గోక్కుంటూనే ఉంటుంది. ఆ దురద అంటించింది తనేనని సువర్చలకు తెలుసు.

పాత సిమెంటు సంగతి అందరూ ఎరిగిందే. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే అందులో దాగిన బొగ్గుపులుసు వాయువు ఆకాశానికెక్కుతుంది. ఇల్లు పాతబడితే పడగొట్టాలి, మళ్లీ రాయి తవ్వాలి, మళ్లీ కాల్చాలి. సువర్చల కనిపెట్టిన 'కరుగుశిల' ఆ తతంగానికి స్వస్తి చెప్పింది. ఇందులో ఇసుకనీ కంకరనీ పట్టి ఉంచే బంధకం, చెవికి వినపడని ఒక ప్రత్యేకమైన అతిధ్వని తగలగానే పట్టు వదిలేస్తుంది. టార్చిలైటంత పరికరాన్ని గోడకు ఆనించి మీట నొక్కితే చాలు, గోడ జావలా జారి కొత్త అచ్చులోకి దిగుతుంది. మీట వదిలితే మెల్లగా మళ్లీ బిగుసుకుంటుంది. బట్టీ అక్కర్లేదు, పొగ రాదు.

ఒక్కటే లోపం. బంగారం కరిగించినప్పుడల్లా కంసాలి దగ్గర తరుగు పోయినట్టు, గోడ కరిగించినప్పుడల్లా బంధకం కాస్త తరిగిపోతుంది. దాన్ని తాజా సున్నపురాయి పొడితో భర్తీ చెయ్యాలి. తరానికోసారి కదా ఇల్లు మార్చేది, చిటికెడు పొడి చాలులే అని ఆమె లెక్క వేసుకుంది. అమాయకురాలు! మనవాళ్లు వాస్తు కోసం గోడలు జరిపినంత హుషారుగా కుర్చీలు కూడా జరపరని ఆమెకు తట్టలేదు.

ప్రయోగశాలలో మస్తాన్‌వలి తెర ముందు గోళ్లు కొరుక్కుంటున్నాడు. చాలా ఏళ్లుగా ఆమెతో పనిచేస్తున్న ఇంజనీరు, తమ్ముడిలాంటివాడు.

"అక్కా, పాలబోడుకు మూడింది," అన్నాడు.

పాలబోడు ఆ చుట్టుపక్కల మిగిలిన ఆఖరి సున్నపుకొండ. తక్కినవన్నీ ఎప్పుడో గోతులైపోయాయి. వాటిలో ఒకదాన్ని తవ్వుతూ, ఆ దుమ్ము పీలుస్తూ సువర్చల తండ్రి రొమ్ము పాడై చనిపోయాడు. బట్టీలు ఆరాక పాలబోడు మీద మళ్లీ చెట్టు మొలిచింది, ఊట పుట్టింది. కిందున్న పల్లెలు ఆ నీళ్లే తాగుతున్నాయి. ఆ కొండ జోలికి ఎవర్నీ రానివ్వకూడదనే పట్టుదలతోనే ఆమె కరుగుశిల కోసం సగం జీవితం ధారపోసింది.

"లెక్కరీ, మళ్లీ చెప్పు," అంది. లెక్కరి అక్కడి గణనయంత్రం. దానికి మొహమాటం లేదు.

"తరుగు ఇదే వేగంతో పోతే వచ్చే వేసవికి పాలబోడును తవ్వక తప్పదు. నిర్మాణ మండలి ఆ సంగతే ఆలోచిస్తోంది."

"పరికరాలకు తాళం వేస్తే?"

"ఇదివరకు వేశారు. జనం పగలగొట్టారు."

"జరిమానా?"

"సంతోషంగా కట్టారు. గృహప్రవేశం ఖర్చులో కలుపుకున్నారు."

వలి నవ్వలేక నవ్వాడు. "చట్టానికి మనోళ్లు భయపడరక్కా. వాళ్లు భయపడేదేందో అది చూడాల."

సువర్చల కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగింది. దేనికి భయపడతారు? పక్కవాడు కొరికిన జామకాయ ముట్టరు. మంచినీళ్ల సీసా మూతికి ఆనించకుండా ఎత్తి పోసుకుంటారు. ఆమె టక్కున ఆగింది.

"ముల్లును ముల్లుతోనే తియ్యాలి వలీ. ఒక చిన్న అబద్ధం ఆడతాను."

వలి ముఖం మాడిపోయింది. "వద్దక్కా. ఒకసారి వదిలినాక అది మన మాట వినిద్దా?"

"కొండ పోయాక నిజాలు ఎవరికి చెప్పుకుంటాం?"

ఆ సాయంత్రం ప్రహరీ మీదుగా పానకాలరావును పిలిచింది. "ఎవరితోనూ అనకండి. కరిగించిన గోడంటే ఎంగిలి గోడేనండీ. రాయి కరుగుతుంది గానీ, దాని మధ్య ఏడ్చినవాళ్ల ఉసురు కరగదు. మా పరీక్షల్లో తేలింది."

పానకాలరావు కిళ్లీ నమలడం ఆపేశాడు. ఎవరితోనూ అనకండి అంటే, ఆయన లెక్కలో ఊరంతా టముకు వెయ్యమని. మర్నాటికల్లా మాట మాచర్ల దాటింది.

గోడలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. డ్రోన్లు తిన్నగా తలుపు దగ్గరే వాలాయి. సువర్చలకు సిగ్గేసింది, అంతకు మించి సంతోషమేసింది. పాలబోడు ఊట దగ్గర కూచుని తండ్రిని తలుచుకుని తనివితీరా ఏడ్చింది. అయినా లోపల ఏదో కుదురుగా లేదు. రోజూ అకారణంగా ప్రయోగశాలకు వెళ్లి తెర చూసి వస్తుండేది.

నెల తిరిగాక లెక్కరి తనంతట తానే నోరు విప్పింది.

"గోడలు కరిగించేవాళ్లు ఎవరూ లేరు. కానీ ఊళ్లో ప్రతి ఇంటివాళ్లూ కొత్తిల్లు అడుగుతున్నారు."

"ఉన్న ఇళ్లకేమైంది?"

"అవన్నీ ఏదో ఒకనాడు కరిగించినవే, ఎంగిలివి. ఎవరూ ముట్టని రాయి కావాలంటున్నారు. బట్టీలో కాల్చిన పాత సిమెంటే శ్రేష్ఠమంటున్నారు. మండలి ఏకగ్రీవంగా ఒప్పుకుంది."

"ఎక్కడి రాయి?" జవాబు తెలిసీ అడిగింది.

"పాలబోడు."

 

సువర్చల మండలి ఆఫీసుకని పరుగున వీధిలోకి వచ్చింది. ఎదురుగా పానకాలరావు, చేతిలో పసుపు పూసిన శుభలేఖలు.

"మీకోసమే వస్తన్నానమ్మా. ఎల్లుండి పాలబోడు దగ్గర భూమిపూజ. మొదటి కొబ్బరికాయ మీ చేత్తోనే కొట్టాల. మీరు చెప్పకపోతే ఆ ఎంగిలి గోడల మధ్యే పడుండేవాళ్లం."

"అదంతా అబద్ధమండీ! ఉసురూ లేదు, ఎంగిలీ లేదు. కొండను కాపాడుకుందామని నేనే కల్పించాను."

ఆయన మెచ్చుకోలుగా నవ్వాడు. "జనం బెదిరిపోతారని ఇప్పుడట్లా అంటన్నారు. మీ మంచితనం మాకు తెలీదా?"

 నిజం పనిచెయ్యకపోయేసరికి సువర్చల పాత ఆయుధమే మళ్లీ అందుకుంది. "మరి కొండకు మాత్రం ఉసురుండదా? దాన్ని చంపి కట్టిన ఇంట్లో సుఖపడతారా మీరు?"

"అదీ ఆలోచించాం. సిద్ధాంతిగారు శాంతి చేయిస్తానన్నారు. పొద్దున్నే హోమం, మధ్యాన్నానికల్లా దోషమంతా పోయిద్ది."

"శాంతితో పోయేదే అయితే, ఆ శాంతేదో మీ గోడలకే చేయించుకోవచ్చుగా!"

పానకాలరావు ఆమె వంక జాలిగా చూశాడు. ఇంత చదువుకున్న మనిషికి ఈపాటి సంగతి తెలియకపోవడం ఆయనకు విడ్డూరంగా ఉంది.

"కొత్తిల్లు వస్తా ఉంటే, పాతింటికి శాంతెవరు చేయించుకుంటారమ్మా?" అని, శుభలేఖ ఆమె చేతిలో పెట్టి, ఇంకా పంచాల్సిన ఇళ్లున్నాయంటూ గబగబా వెళ్లిపోయాడు.