ఏడు మాత్రలు, మింగిన మాట

మదనపల్లె బస్టాండు ఎదురుగా ఉన్న మందుల షాపుకు నేను వెళ్లింది తలనొప్పి మాత్ర కోసం. "ఏం కావల్లప్పా?" అంటూ కౌంటరులో ఉన్న యమున తలెత్తి చూసింది. తలనొప్పి ఎటుపోయిందో పోయింది. ఆమె వెనక గోడమీద ఐరన్ మాత్రల పోస్టరు కనబడితే, "ఐరన్" అన్నాను.

నా పేరు ఓబులేసు. ఊరు పుంగనూరు. మదనపల్లె టమోటా మండీలో వేలం పాట పాడేది నేనే. నా గొంతు గుర్రంకొండ దాకా వినిపిస్తుందని మండీలో పేరు. అలాంటివాణ్ణి ఆమె ముందు నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు నిలబడేవాణ్ణి.

మర్నాడు కాల్షియం అడిగాను. తర్వాత జింకు. ఆ తర్వాత బీ కాంప్లెక్సు, డీ విటమిన్, మెగ్నీషియం, చివరికి అన్నీ కలిసిన మల్టీ విటమిన్.

"ఎవరికప్పా ఇన్ని?"

"ఇంట్లో అందరికీ."

ఇంట్లో ఉండేది నేనూ అమ్మే. యమున చేత్తో ఇచ్చినవాటిని పారేయడానికి మనసొప్పలేదు. పొద్దున్నే ఏడు మాత్రలూ అరచేతిలో పోసుకుని, కాఫీతో ఒక్క గుటకలో మింగేసేవాణ్ణి.

కొన్నాళ్లకు మూత్రం పసుపునీళ్లలా వచ్చింది. మా అమ్మ చెంగమ్మ "కామెర్లురా నాయనా" అని ఏడ్చి, ఆకుపసరు పోసే గంగులప్ప దగ్గరికి లాక్కుపోయింది. ఉప్పు లేదు, నూనె లేదు, వట్టి మజ్జిగన్నం.

అదే వారం షాపు ఓనరు సిరాజుద్దీన్ భాయ్ ఇంకో పిడుగు వేశాడు. సోమవారం నుంచి యమున కుప్పంలో, వాళ్ల ఊళ్లోనే, ఆయన కొత్త షాపు చూసుకుంటుందట. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పుడూ చెప్పలేను. కానీ రేపోమాపో పోయేవాడు ప్రేమ సంగతి ఏ మొహంతో చెబుతాడు?

శనివారం వానలో తడుస్తూ వెళ్లి కౌంటరు ముందు నిలబడ్డాను.

"నాకు కామెర్లు. నన్ను మర్సిపో యమునా."

"నేనెప్పుడప్పా నిన్ను గ్యాపకం పెట్టుకున్యా? యాడ, కండ్లు సూపియ్."

ఫోను టార్చి వేసి చూసింది. అంత దగ్గరగా ఆమె మొహం చూశాక, చచ్చినా ఫర్వాలేదనిపించింది.

"తెల్లగా ఉండాయే. ఏమేం మింగుతాండావు?"

ఏడు పేర్లూ, కాఫీతో ఒక్క గుటకలో మింగేదీ వరసగా చెప్పాను. పసరు ఎనిమిదోది. ఆమె కుర్చీలో కూలబడింది.

"అన్నీ ఒకేసారా? కాఫీతోనా? ఐరనూ కాల్షియమూ ఒకటికొకటి పడవు, రెండు గంటలన్నా ఎడం ఉండల్ల. కాఫీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు. మల్టీ విటమిన్‌లో ఇవన్నీ కొంచెం కొంచెం ఉండనే ఉంటాయి, మళ్లా విడిగా యాల? డీ ఎక్కువైతే ఒంట్లోనే నిల్సిపోతాది. ఆ పసుపు బీ కాంప్లెక్సు రంగప్పా. అన్నీ నిలిపేసి డాక్టర్ దగ్గరికి పో, పసరు సంగతి కూడా చెప్పు. రక్తం పరీక్ష చేసి, ఏది తక్కువుంటే అదే రాస్తాడు."

"సరే."

"ఊరికే కొని పారేస్తాండావనుకుంటి. మింగుతాండావని నేనేమన్నా కలగంటినా? ఇంగేమన్నా మింగినావా?"

"ఒక మాట. ఇరవై దినాలైంది. మింగలేక, కక్కలేక సస్తాండా."

"కక్కు."

"నువ్వంటే ఇష్టం."

మెల్లగానే అందామనుకున్నాను. మండీలో పాట పాడినట్టే వచ్చింది. బస్టాండులో జనం తిరిగి చూశారు. నా వెనక నిలబడిన మైమూన్ బీ, "చెప్పేసినావు కదా నాయనా, ఇంగ పక్కకు జరుగు. నా షుగర్ మాత్రలు తీసుకుంటా" అంది.

యమున ఆమెకు మాత్రలిచ్చి పంపి, నావైపు తిరిగింది. నవ్వు ఆపుకుంటోంది.

"రేపు మీ అమ్మను పిల్చుకోని కుప్పానికి రా. మా నాయన ఇంట్లోనే ఉంటాడు."

"మీ నాయనకు ఏమని చెప్పల్ల?"

"నువ్వేం చెప్పొద్దు. నేను చెప్పి పది దినాలాయ. ఆ పిల్లోడు ఇంగా అడగలేదా అని దినామూ ఫోన్ చేస్తాండాడు."