ఉత్తుత్తి తూటాలు

"గ్రూబె నాకు ప్రాణాలతో కావాలి. విన్నావా, ఫ్రీస్?"

సీక్రెట్ సర్వీస్ చీఫ్ ఆ మాట రెండుసార్లు అన్నాడు. కారణం ఉంది. కిందటేడు కోపెన్‌హేగన్ రేవులో తేలిన శవం ఏజెంట్ థోర్‌కిల్ ఫ్రీస్ తమ్ముడు ఎస్కిల్‌ది. వీపులో తూటా. కాల్చింది సినిమా డైరెక్టర్ వాల్డెమార్ గ్రూబె అని ఇద్దరికీ తెలుసు. రుజువు లేదు.

"ప్రాణాలతోనే తెస్తాను సార్. ఎంత ప్రాణం మిగలాలో మీరు చెప్పలేదు," అన్నాడు ఫ్రీస్.

1925 జూన్. సముద్రపుటొడ్డు కోటలో గ్రూబె సైన్యాన్ని ఎగతాళి చేసే మూకీ కామెడీ తీస్తున్నాడు. పైకి సినిమా, లోపల విదేశీ ముఠా పని. ఫ్రీస్ పెట్టుడు మీసంతో సార్జెంటు వేషం సంపాదించాడు.

ఆ మధ్యాహ్నం సీనులో, తెలివితక్కువ జనరల్ పొరపాటున తన సిపాయిల తుపాకులకే ఎదురు నిలబడాలి.

"మీలాంటి మీసం మా నటుడికెక్కడిది కల్నల్‌గారూ! ఈ ఒక్క షాటూ మీరే చెయ్యండి," అని గ్రూబె కోట కమాండర్ హోల్స్ట్‌ను ఉబ్బేశాడు. శత్రు ఓడల కోసం సముద్రంలో పరిచిన మైన్లెక్కడున్నాయో పూర్తిగా తెలిసినవాడు హోల్స్ట్ ఒక్కడే; అతను పోతే తీరానికి రక్షణ లేనట్టే. పెద్దాయన మురిసిపోతూ గోడకు ఆనుకున్నాడు.

హీరోయిన్ ఎలినోర్ బ్రాస్క్ గబగబా వచ్చింది. గ్రూబె ముఠాలో ఉంటూనే ఫ్రీస్‌కు కబుర్లు చేరవేసే మనిషి.

"సార్జెంటుగారూ, మీసం ఊడుతోంది!"

ప్రమాదానికి అది కోడ్. ఆమె పౌడరు డబ్బా తెరిచి చూపింది. పౌడరు మీద గోటితో రెండు మాటలు: 'అసలు తూటాలు'.

ఎనిమిది తుపాకులు గురిపెట్టి ఉన్నాయి. షూటింగు ఆపితే కల్నల్ బతుకుతాడు, కానీ గ్రూబె నాకేం తెలుసంటాడు. ఎస్కిల్ ముఖం ఫ్రీస్ కళ్ళముందు మెదిలింది.

గ్రూబె మెగాఫోను గొట్టం నోటి దగ్గరకెత్తాడు.

"ఆగండి!" ఫ్రీస్ అరిచాడు. "కల్నల్‌గారికి భయపడటం రావట్లేదు. ఒకసారి మీరు నిలబడి చూపించండి డైరెక్టరుగారూ!"

అందరూ గొల్లున నవ్వారు.

"నేనా? ఎండ పోతోందయ్యా!"

"అరనిమిషం పని! రావయ్యా," అంటూ కల్నలే అతన్ని గోడ దగ్గరకు నెట్టి పక్కకు తప్పుకున్నాడు. కెమెరా తిరుగుతూనే ఉంది.

"ఎవరూ కదలొద్దు. ముందు నేను," అంటూ ఫ్రీస్ వరసలోని ఒక సిపాయి తుపాకీ అందుకుని ఎత్తాడు.

"వద్దు! ఒరేయ్, దించరా!"

"ఏం? ఉత్తుత్తి తూటాలేగా?"

"అసలువి! నేనే మార్పించాను! నీకు దణ్ణం పెడతా!" గ్రూబె మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

ఫ్రీస్ మీసం పీకేశాడు. ఆ ముఖంలో తమ్ముడి పోలికలు చూసి గ్రూబె మోకాళ్ళ మీదే వెనక్కి జరిగి గోడకు అతుక్కుపోయాడు.

"మా ఎస్కిల్‌కు దణ్ణం పెట్టే వ్యవధి కూడా ఇవ్వలేదు నువ్వు."

వేలు బిగుసుకుంది. చీఫ్ మాట గుర్తొచ్చింది. ఒక్క అంగుళం పక్కకు జరిపి కాల్చాడు. గ్రూబె చెవి పక్కన గోడ పెళ్ళ రాలింది. ప్యాంటు తడిసింది. కోట సైనికులు వచ్చి సంకెళ్ళు వేశారు.

నిర్మాతలు వేరే డైరెక్టరుతో పూర్తిచేయించిన ఆ సినిమా చలికాలంలో విడుదలైంది. ఆ షాటు దగ్గర హాళ్ళు నవ్వుతో ఊగిపోయాయి. 'భయాన్ని ఇంత సహజంగా నటించినవాడు మన దేశంలో లేడు' అని పత్రిక రాస్తే, ఆ ముక్క కత్తిరించి ఫ్రీస్ స్వయంగా జైలుకు పోస్టు చేశాడు.