నా చేయి జారింది

ఉదయం ఏడింటికి టీచరమ్మకి ఒళ్ళు తుడవడం, పక్కకి తిప్పడం, బీపీ చూసి నోటు పుస్తకంలో రాయడం. కుడివైపు పక్షవాతంతో పడిపోయిన ఆ పెద్దావిడను ఐదేళ్ళుగా ఇంట్లో చూసుకుంటున్న కేర్‌టేకర్‌కి ఇది కళ్ళు మూసుకుని చేసే పని. తిప్పేముందు ఆమె "ఒకటి, రెండు" అంటుంది. "మూడు" అనడం టీచరమ్మ వంతు. నలభై దాటినా ఆమె టీచరమ్మకి ఇంకా "పిల్లా"నే. పుస్తకంలో తప్పులుంటే టీచరమ్మ ఇప్పటికీ ఎడమచేత్తో దిద్దిపెడుతుంది.

ఆస్పత్రిలో వార్డు అసిస్టెంటు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించింది కూడా టీచరమ్మే. "ఎన్నాళ్ళని ఈ ముసలిదాన్ని పట్టుకుని వేళ్ళాడతావు?" అని దగ్గరుండి నింపించింది. ఇంటర్వ్యూ బాగానే అయింది. ఇక పిలుపు రావడమే తరువాయి.

ఆ ఉదయం ఫోన్ వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయని ఆమె స్పీకరు పెట్టింది.

"ఏమీ అనుకోకమ్మా," అంది నర్సింగ్ సూపరింటెండెంటు. "నువ్వు పనిచేసే ఇంటికి నిన్న ఫోన్ చేశాం. ఎత్తేటప్పుడు పేషెంటుని కింద పడేశావట కదా. అలాంటి మనిషిని వార్డులో పెట్టుకోలేం."

"ఎవరు చెప్పారండీ?"

"ఆ పెద్దావిడే. నువ్వు రాసిందే చదివి వినిపించారు."

తువ్వాలు ఆమె చేతిలోంచి బకెట్లో పడింది.

'నా చేయి జారింది.' అవును, ఆ నోటు పుస్తకంలోనే రాసింది. కిందటేడు ఒక మధ్యాహ్నం ఆమె బట్టలు ఆరేసి వచ్చేలోగా, టీచరమ్మ ఒక్కతే బాత్రూంకి వెళ్దామని లేచి పడిపోయింది. "మా అమ్మాయికి తెలిస్తే మంచానికి కటకటాలు పెట్టిస్తుంది పిల్లా, నీ మీద వేసుకో" అని ఏడిస్తే కాదనలేకపోయింది. కూతురు పెట్టిన చీవాట్లన్నీ తలవంచుకుని పడింది.

"ఎందుకు చేశారు పెద్దమ్మా?"

టీచరమ్మ గోడవైపు చూసింది. "పుస్తకంలో ఉన్నదే చదివాను."

"అది ఎవరు చెప్తే రాశానో మీకు తెలీదూ? అందులో తప్పులు కూడా మీరే దిద్దారు. వెళ్ళొద్దని ఒక్క మాట అంటే సరిపోయేది. దరఖాస్తు మీరే నింపించి, నమ్మించి గొంతు కోశారు."

మాటలు విని కూతురు గుమ్మంలోకి వచ్చింది. "ఏం రాయించావమ్మా?"

దాచడానికి ఇంకేం మిగల్లేదు. టీచరమ్మ తను పడిన సంగతంతా చెప్పేసింది.

"నీకు రాదులే అనుకున్నాను," అంది కేర్‌టేకర్‌తో. "ఊరికే మంచిదాన్ననిపించుకుందామని నింపించాను. నిన్న ఫోన్ రాగానే భయమేసింది. ఇంకో మనిషి ముందు బట్టలు విప్పుకోవాలి. ఈ ఒంటిమీద ఎక్కడ పుండుందో, ఎక్కడ ముట్టుకుంటే నొప్పో నీకొక్కదానికే తెలుసు."

"మీ పరువు కోసం నా మీద వేసుకున్నాను. మీరు దాంతోనే నన్ను కొట్టారు."

కూతురు మంచం పట్టె మీద కూలబడింది. "ఏడాదిగా నిన్ను అనుమానంగానే చూశాను అక్కా," అని కళ్ళు తుడుచుకుంది.

"ఫోన్ కలిపి ఇవ్వు," అంది టీచరమ్మ. ఎడమచేత్తో ఫోన్ అందుకుంది. "నిన్న మాట్లాడినదాన్నండీ. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి, నిన్న నేనే అబద్ధం ఆడాను. ఆ అమ్మాయి నన్ను పడెయ్యలేదు. నేనే లేచాను, నేనే పడ్డాను. నన్ను కాపాడటానికి అలా రాసింది."

"రేపు ఒకసారి వచ్చి నన్ను కలవమనండి," అంది సూపరింటెండెంటు.

కేర్‌టేకర్ చల్లారిన నీళ్ళు పారబోసి వేడినీళ్ళు తెచ్చింది.

"కోపం పోయిందా పిల్లా?"

"పోలేదు. అటు తిరగండి."

భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి వేసి, "ఒకటి, రెండు" అంది. టీచరమ్మకి ఏడుపులో గొంతు పెగల్లేదు. కాసేపు చూసి, "మూడు" కూడా తనే అనుకుని, చెయ్యి జారకుండా మెల్లగా తిప్పింది.