నాగన్నకు నీళ్ళు పోసిన చేతులు

పొయ్యి మీద మరుగుతున్న టీ గిన్నెని అప్పయమ్మ వట్టి చేతులతో దించేసింది. మసిగుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చిన కోడలు రాజశ్రీ మధ్యలోనే ఆగిపోయింది.

“గుడ్డలూ గిడ్డలూ నీలాటి సుకుమారాలకి. ఇవి చేతులనుకున్నావేటి? కొలిమి ఇటుకలు,” అంది అప్పయమ్మ గర్వంగా.

ఆవిడ చేతులంటే రాయపూర్ దగ్గరి ఖుర్సీపార్ తెలుగు వీధుల్లో అంత నమ్మకం. ఏ ఇంట్లో కాన్పయినా పసిగుడ్డుకి నీళ్ళు పోయడానికి ఆవిడకే కబురొచ్చేది. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా లాక్కుని, చాపిన కాళ్ళ మీద బిడ్డని పడుకోబెట్టి, నూనె మర్దించి, సున్నిపిండి నలిచి, ఆవిరి లేచే నీళ్ళు చెంబుతో పోస్తుంటే బిడ్డ గుక్కపెట్టి ఏడ్చేది. సాంబ్రాణి పొగ పట్టి, మెత్తటి గుడ్డలో చుట్టి తల్లికి అందిస్తే పొద్దుగూకే దాకా కదలకుండా పడుకునేది. ఆ కాళ్ళ మీద స్నానం చేసినవాళ్ళు కొందరు ఇప్పుడు స్టీలు ప్లాంటు గేటు పాసులు మెళ్ళో వేసుకుని డ్యూటీలకి వెళ్తున్నారు.

ఇంతమంది పిల్లలు పడుకున్న ఆ కాళ్ళ మీదకి సొంత మనవడు మాత్రం రాలేదు. పెద్దకొడుకు యుగంధర్‌కి పెళ్ళయి ఆరేళ్ళు. ఇద్దరిలోనూ ఏ లోపమూ లేదని డాక్టర్లు చెప్పారు. డాక్టర్ల మాట అప్పయమ్మకెందుకు? ఆవిడ తీర్పు ఆవిడ ఎప్పుడో చెప్పేసింది. గొడ్రాలు అన్న మాట ఆ ఇంట్లో ఉప్పూ చింతపండూ లాగా రోజువారీ వాడకంలో ఉండేది.

పురిటిళ్ళకి వెళ్ళేటప్పుడు రాగి చెంబూ, సున్నిపిండి డబ్బా మోయడానికి కోడలు కావాలి. అదీ గేటు దాకానే. “నువ్విక్కడే ఉండు. పసిగుడ్డుకి నీళ్ళు పోసేకాడ నీ చూపు పడకూడదు,” అని అప్పయమ్మ నలుగురూ వినేలా చెప్పేది. రాజశ్రీ ఎండలో, అందరూ విడిచిన చెప్పుల పక్కన, తలొంచుకుని నిలబడేది.

ఆ రోజు నాగుల చవితి. యుగంధర్ పొద్దున్న డ్యూటీకి వెళ్ళిపోయాడు. చిన్నకొడుకు ప్రణవ్ పరీక్ష రాయడానికి తెల్లారగట్లే రాయపూర్ లోకల్ ఎక్కాడు. వాడు లేటు వయసులో పుట్టినవాడు, పందొమ్మిదేళ్ళవాడు, తల్లికి ప్రాణం. వాడి ప్రాణం మాత్రం గదిలో అద్దాల పెట్టెలో ఉంది. ఊరు మారిపోతున్న స్నేహితుడు కాగితాలతో సహా అప్పజెప్పిన విదేశీ కొండచిలువ పిల్ల. భయమేస్తే ఉండ చుట్టుకుపోతుందని దానికి లడ్డూ అని పేరు పెట్టాడు. అప్పయమ్మ దాన్ని ఏడాదిగా పురుగు అనే పిలుస్తోంది, ఆ గదిలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. దాని పెట్టె కడగడం, నీళ్ళు మార్చడం రాజశ్రీ నేర్చుకుంది. పదమూడేళ్ళప్పటినుంచి తన చేతి అన్నం తిని పెరిగిన మరిది అడిగితే ఆ అమ్మాయి కాదనలేదు.

వెళ్తూ వెళ్తూ ప్రణవ్ ఫ్రిజ్ మీద కాగితం అతికించాడు. తెలుగు రాయడం రానివాడు కాబట్టి హిందీలో రాసి, నోటితో మళ్ళీ చెప్పాడు. “వదినా, పాముకి మనలాగా స్నానాలక్కర్లేదు. కానీ ఈసారి కుబుసం తోక దగ్గర ఇరుక్కుంది. మధ్యాహ్నానికి ఊడకపోతే టబ్బులో సగం ఒళ్ళు మునిగేంత నీళ్ళు, అదీ గోరువెచ్చగా. పది నిమిషాలు. నూనె వద్దు, సబ్బు వద్దు, పొగ అసలే వద్దు. తుడిచి పెట్టెలో పెట్టెయ్. నీ మీదే భరోసా.”

ఆ ‘భరోసా’ అన్న మాట గోడ అవతల పడుకున్న అప్పయమ్మ చెవిలో పడింది. కడుపున పుట్టినవాడు తనకి చెప్పకుండా కోడలికి చెప్పి వెళ్ళడమేమిటి?

టీ తాగి గ్లాసు ఠక్కున కింద పెట్టింది. “పట్టాల అవతల పుట్టకి ఏల ఎల్లడం? ఇంట్లోనే నాగన్న ఉన్నాడు గదా. నా చేత్తో నీళ్ళు పోస్తాను. బేగి తీసుకురా.”

రాజశ్రీ గది గుమ్మానికి అడ్డం నిలబడింది. “వద్దత్తయ్యా. ప్రణవ్ వద్దన్నాడు. అవసరమైతే నేను టబ్బులో పెడతాను.”

“నువ్వా? పసిదానికి నీళ్ళు పోయడం గురించి నువ్వు నాకు చెప్తావా? ఒక్క బిడ్డని ఒళ్ళో ఏసుకున్న మొహమా అది? నాగదోషం నీదే. నీ దోషం పోవాలనే గదా నా తాపత్రయం. ఈ సేవతో కూడా నీ కడుపు పండకపోతే నా కొడుక్కి ఇంకో దారి చూస్తాను. కుమ్హారి బండి నువ్వే ఎక్కుతావో, నేనే ఎక్కించాలో తేల్చుకో.”

రాజశ్రీ ప్రణవ్ గదిలోకి నడిచింది. కుమ్హారిలో పుట్టింటివాళ్ళకి ఇద్దరు పెళ్ళికాని ఆడపిల్లలున్నారని అత్తగారికి బాగా తెలుసు.

పెరట్లో పీట వేసుకుని అప్పయమ్మ కాళ్ళు చాపింది. రాజశ్రీ లడ్డూని తెచ్చి ఆ కాళ్ళ మీద పెట్టింది. అప్పయమ్మకి ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది. తర్వాత చేతులు తమ పని తాము మొదలుపెట్టాయి. నువ్వుల నూనె రాసింది, పసుపు పెట్టింది, ఆవిరి లేస్తున్న బిందెలో చెంబు ముంచింది.

మొదటి చెంబుకే పాము మెలికలు తిరిగిపోయింది. తుంపరలు చేతి మీద పడి రాజశ్రీ కెవ్వుమంది. “అత్తయ్యా! కాలిపోతోంది! ఆపండి!” అంటూ పాముని లాక్కోబోయింది. అప్పయమ్మ మోచేత్తో ఆమెని ఒక్క తోపు తోసింది. తడి గచ్చు మీద రాజశ్రీ వెల్లకిలా పడింది.

“ఏడిస్తేనే ఒళ్ళు తేలిక పడేది. చిన్నపిల్లలు ఏడవరేటి? అంత వేడెక్కడుందే, నా చేతికి గోరువెచ్చగా కూడా లేదు,” అంటూ బిందె ఖాళీ అయ్యేదాకా పోసింది. పాము మెత్తగా వాలిపోయింది. “చూసినావా, ఎంత హాయిగా పడుకున్నాడో నా తండ్రి!” అని మురిసిపోయి సాంబ్రాణి పొగ కూడా పట్టింది.

లడ్డూ మళ్ళీ ఉండ చుట్టుకోలేదు. పెట్టెలో పొడుగ్గా, నోరు కాస్త తెరుచుకుని పడి ఉంది. రాజశ్రీ మధ్యాహ్నం దాకా దాన్ని ముట్టుకుంటూ, పిలుస్తూ కూర్చుంది. “చచ్చిపోయిందత్తయ్యా,” అని బయటికొచ్చి చెప్పినప్పుడు అప్పయమ్మ నోట్లో అట్టు ముక్క అలాగే ఉండిపోయింది.

నాగుల చవితి నాడు తను నాగన్నని చంపింది! ఆ భయం ఒకటి. ప్రణవ్ తన మొహం ఇక చూడడేమో అన్న భయం దానికి పదింతలు. సాయంత్రం గేటు చప్పుడయ్యేసరికి ఆ రెండో భయమే నాలుకని ఆడించింది.

పెట్టె ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు ప్రణవ్. నూనె, పసుపు మరకలు చూశాడు. “కిస్‌నే కియా? ఎవరు చేశారిది?”

“ఇంకెవరు రా? మీ వదిన. సలసలా కాగే నీళ్ళు పోసేసింది. నేను పక్కింటికెళ్ళి వచ్చేలోపే...”

రాజశ్రీ అత్తగారి వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే అప్పయమ్మకి గుచ్చుకుంది. ఏదో అంటుందని ఎదురుచూసింది. రాజశ్రీ ఏమీ అనలేదు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన యుగంధర్ గుమ్మంలో నిలబడి బూట్ల లేసులు విప్పుతూ ఉండిపోయాడు. ఆరేళ్ళుగా ఇంట్లో గొడవైన ప్రతిసారీ అతనికి బూట్లే కనిపిస్తాయి.

“నీకు చెప్పి వెళ్ళాను కదా, వదినా! రాసి పెట్టాను కదా!” అని అరిచాడు ప్రణవ్. “అమ్మ అనేది నిజమే. గొడ్రాలివి నువ్వు. ప్రాణమంటే ఏంటో నీకెలా తెలుస్తుంది?”

రోజుకి పదిసార్లు అప్పయమ్మ వాడే మాట. తన బిడ్డ నోట్లోంచి వస్తే అంత మురికిగా ఉంటుందని ఆవిడకి తెలీదు. రాజశ్రీ మొహం మాత్రం కొట్టినట్టు తెల్లబోయింది. అత్తగారు అన్నప్పుడు ఎన్నడూ అలా కాలేదు.

మర్నాటి నుంచి ప్రణవ్ వదిన వడ్డిస్తే తినడం మానేశాడు. రాజశ్రీ తన బట్టలు ఒక సంచిలో సర్దుకుని తలుపు మూల పెట్టుకుంది. ఎప్పుడు వెళ్తానో చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

మూడో రోజు పొద్దున్న చీర కట్టుకుంటుంటే అప్పయమ్మ కాళ్ళ మీద పెద్ద పెద్ద బొబ్బలు కనిపించాయి. ఒకటి చితికి చీరకి అంటుకుంది. అక్కడే చీపురు పట్టుకున్న రాజశ్రీ చూసి, మందు తెచ్చి కింద కూర్చుంది.

“ఇవి కాలిన బొబ్బలు, అత్తయ్యా. ఆ రోజు నీళ్ళు పడ్డ చోటే. మీకు నొప్పి తెలీలేదా?”

“లేదే...” అంది అప్పయమ్మ, వంగి కాళ్ళ వంక చూస్తూ. రాజశ్రీ మందు రాస్తోంది. ఆ వేళ్ళు కాలికి తగులుతున్నట్టు కంటికి కనిపిస్తోంది గానీ, కాలికి తెలియడం లేదు.

“మీకు షుగర్ ఉంది కదా, అది ముదిరితే స్పర్శ పోతుందంటారు. డాక్టరుకి చూపించాలి.”

“నోరు ముయ్యి. ఈ సంగతి బయట పొక్కితే నన్నెవరు పిలుస్తారు?” అంది అలవాటుగా. ఆ తర్వాత నెమ్మదిగా అడిగింది. “ఆ రోజు నిజం ఏల చెప్పలేదు నువ్వు?”

రాజశ్రీ మందు సీసా మూత బిగించింది. “మీరు చెప్తే ఎవరైనా నమ్ముతారత్తయ్యా. ఆరేళ్ళుగా మీరన్నవన్నీ నేనే నమ్మేశాను. ఇక ప్రణవ్ ఎంత?”

అంతలో ఎదురింటి లలితాంబ కూతురు భాగ్యరేఖ ఆస్పత్రి నుంచి బిడ్డతో వచ్చిందని, మొదటి స్నానం అప్పయమ్మే చేయించాలని కబురొచ్చింది. కాదంటే ఎందుకని అడుగుతారు. కోడలి చేత చెంబు మోయించి, ఎప్పటిలాగే ఆమెని గేటు దగ్గర నిలబెట్టి, చెంబు అందుకుని లోపలికి వెళ్ళింది.

పెరటి నిండా ఆడవాళ్ళు. బిందెల్లో నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. లలితాంబ బిడ్డని తెచ్చి ఆవిడ కాళ్ళ మీద పడుకోబెట్టింది. గుప్పెడంత పిల్ల. కాళ్ళు విదిలిస్తూ, నోరు చప్పరిస్తూ.

అప్పయమ్మ నీళ్ళలో చెయ్యి పెట్టింది. ఏమీ తెలియలేదు. మణికట్టు దాకా ముంచింది. అప్పుడూ ఏమీ తెలియలేదు. ఆవిరి లేస్తోంది, కానీ అంత ఆవిరి ఎప్పుడూ లేచేదే. బిడ్డ పొట్ట మీద చర్మం పల్చగా, ఎర్రగా ఉంది. లడ్డూ మెలికలు తిరిగిన తీరు కళ్ళ ముందు ఆడింది. ముంచిన చెంబు చేతిలోనే ఆగిపోయింది.

“పొయ్యి పిన్నీ, నీళ్ళు చల్లారిపోతాయి,” అంది లలితాంబ.

అప్పయమ్మ గేటు వైపు తిరిగి గట్టిగా అరిచింది. “రాజశ్రీ! లోపలికి రా. ఈ నీళ్ళు చూడు.”

లలితాంబ కంగారు పడింది. “అదేటి పిన్నీ! పసిబిడ్డ మీద ఆవిడ చూపు పడకూడదని నువ్వే గదా చెప్పావు?”

“చెప్పాను. నాలుగు వీధుల్లో చెప్పాను. అంతా నా పొగరు.” అప్పయమ్మ గొంతు సందు చివరి దాకా వినిపించింది. “మా ప్రణవ్ పాముని చంపింది ఇది కాదు, నేను. కాలిపోతోందని ఇది మొత్తుకుంటుంటే కిందకి తోసేసి మరీ పోశాను. పాపం దీని నెత్తిన పెట్టాను. నా చేతులు చచ్చిపోయినాయమ్మా. వేడి తెలీదు వీటికి.”

ఆ మాట పూర్తికాకముందే లలితాంబ బిడ్డని ఆవిడ కాళ్ళ మీంచి లాగేసుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒక అడుగు వెనక్కి జరిగి ఆవిడ చేతుల వంక చూశారు. ఆ చూపు అప్పయమ్మకి బాగా తెలుసు. ఆరేళ్ళుగా ఈ ఆడవాళ్ళందరికీ నేర్పి కోడలి మీద వేయించిన చూపే అది.

రాజశ్రీ లోపలికొచ్చింది. ఎవరి మొహమూ చూడకుండా వంగి, నీళ్ళలో మోచెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. మోచెయ్యి ఎర్రబడింది.

“చాలా వేడత్తయ్యా. చల్లనీళ్ళు కలపాలి.”

గది గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడ్డ భాగ్యరేఖ బిడ్డ వంక, ఆ ఎర్రబడ్డ మోచెయ్యి వంక చూసింది. “అమ్మా, పాపని వదినకియ్యి. తనే పోస్తుంది.”

అప్పయమ్మ పీట మీంచి లేచింది. “కాళ్ళు దగ్గరగా పెట్టుకో. తల నీ పాదాల వైపు ఉండాలి,” అని మాత్రం చెప్పి, ఎవరూ పొమ్మనకుండానే గేటు బయటికి నడిచింది. రాజశ్రీ ఎప్పుడూ నిలబడే చోట, చెప్పుల పక్కన, ఎండలో నిలబడింది. సందుకి ఆ వైపు తమ ఇంటి అరుగు మీద ప్రణవ్ ఉన్నాడు. అంతా విన్నాడు. తల్లి వంక చూడలేదు. గేటు దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, “వదినా...” అన్నాడు. చేతుల్లో మొహం దాచుకున్నాడు.

లోపల బిడ్డ ఒక్కసారి క్యారుమని, వెంటనే ఊరుకుంది. నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అప్పయమ్మ భుజం మీద బిడ్డని తుడవాల్సిన మెత్తటి గుడ్డ అలాగే ఉండిపోయింది. దాన్ని నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది.

“అత్తయ్యా,” రాజశ్రీ గొంతు పెరట్లోంచి వినిపించింది. “గుడ్డ మీ దగ్గరే ఉంది. అక్కడేం చేస్తున్నారు ఎండలో? బేగి లోపలికి రండి, పాపకి చలేస్తోంది.”