షెడ్డులో మూడు వారాలు

"అబ్బ, ఎంత ముద్దొస్తోందో!" అంది చినత్సు, కారు చుట్టూ మూడోసారి తిరిగి.

ముద్దు రాక ఏం చేస్తుంది! మీగడ రంగు ఒళ్లు, కాఫీ రంగు టాపు, గుండ్రటి హెడ్‌లైట్లు. జపాన్‌లోని మత్సుయామా ఊరి ఇరుకు సందుల్లో సైకిల్లా దూరిపోయే బుజ్జి కారు. చినత్సు తలుపు తీసి సీటు నిమిరింది, స్టీరింగు నిమిరింది, ప్రతి అరా లాగి చూసింది.

"అమ్మమ్మా, గొడుగుకి కూడా విడిగా చోటుంది చూడు! టీ కప్పుకి ఇక్కడ, టిష్యూలకి ఇక్కడ!"

"మరి నా మోకాళ్లకో?" వెనక సీట్లోంచి అడిగింది తొమియె అమ్మమ్మ.

"చాపి చూడు."

ఆవిడ అనుమానంగా కాళ్లు చాపింది. చాపాక కళ్లు పెద్దవి చేసింది. "ఓసినీ! మీ తాతయ్య పెద్ద కారులో కూడా ఇంత హాయిగా కూర్చోలేదే నేను!"

పక్కనే సూటూ బూటూ వేసుకుని నిలబడ్డ సేల్స్‌మన్ నోమా షున్‌పే నవ్వాడు. పైకి నవ్వే గానీ లోపల ఒకటే భయం. ఆ కారు నిన్నో మొన్నో వచ్చింది కాదు మరి. మూడు వారాల కిందటే వచ్చింది. షోరూమ్ వెనక షెడ్డులో కవరు కప్పి దాచిపెట్టాడు మహానుభావుడు.

చినత్సు జంతువుల ఆసుపత్రిలో నర్సు. రెండు రోజులకోసారి ఫోన్ చేసేది. "కారు వచ్చిందా నోమా గారూ?" అని ఒక్క ముక్క అడిగి, తర్వాత ఇరవై నిమిషాలు తనని కరిచిన పిల్లి గురించీ, మందు మింగనని మొండికేసిన తాబేలు గురించీ చెప్పేది. ఆ ఇరవై నిమిషాల కోసం షున్‌పే రోజంతా ఎదురుచూసేవాడు. కారు చేతికిచ్చేస్తే ఇక ఫోనెందుకు చేస్తుంది? అందుకని "ఇంకా రాలేదండీ" అంటూ నెట్టుకొచ్చాడు. నిన్న ఆమె, "రేపటికి రాకపోతే ఆర్డరు రద్దు చేసుకుంటా" అనేసరికి దారికొచ్చాడు.

వర్షం మొదలైంది. కొత్త కారుని సాగనంపడానికి స్టాఫంతా గుమ్మం ముందు వరసగా నిలబడ్డారు. మేనేజర్ ఓచి పూలగుత్తి పట్టుకొచ్చి, నడుం దాకా వంగి, అమ్మమ్మకి అందించాడు.

"క్షమించాలమ్మా. మంచిరోజు కోసం మూడు వారాలు ఆగారు. తీరా చూస్తే ఇవాళ బుత్సుమెత్సు. క్యాలెండర్లో ఇంతకంటే చెడ్డరోజు లేదు. మీకంత పట్టింపు ఉందని తెలిసీ మావాడు డెలివరీ ఇవాళ పెట్టాడు."

షున్‌పే పై ప్రాణాలు పైనే పోయాయి.

"పట్టింపా? నాకా?" అమ్మమ్మ నోరు తెరిచింది. "బాబూ, నేను పెళ్లే బుత్సుమెత్సు నాడు చేసుకున్నాను. హాలు చవగ్గా వచ్చింది!"

ఓచి తికమకపడ్డాడు. "మరి, ఏ రోజు చెప్పినా మీరు వద్దంటున్నారని..."

"ఎవరన్నారు?"

వరస మొత్తం షున్‌పే వైపు తిరిగింది. చినత్సు కూడా. ఆమె కళ్లలోకి చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

"నోమా గారూ, కారు మూడు వారాల నుంచీ ఇక్కడే ఉందా?"

"అది... అంటే... కాగితాలు కాస్త ఆలస్యమై..."

"కాగితాలా!"

"అవునండీ. రిజిస్ట్రేషన్ కాగితాలు."

ఆమె ముఖం ఎర్రబడింది. "మంచిది. చాలా థాంక్స్." తలుపు ధడాలున పడింది. బుజ్జి కారు గేటు దాటింది.

స్టాఫంతా వంగారు. కారు కనుమరుగయ్యే దాకా తల ఎత్తకూడదు, అది షోరూమ్ పద్ధతి. కాసేపటికి అందరూ లేచి లోపలికి పోయారు. షున్‌పే లేవలేదు. ఏ మొహం పెట్టుకుని లేస్తాడు? నిజం చెప్పడానికి అవకాశం కాళ్ల దగ్గరికొస్తే, ఇంకో అబద్ధం ఆడాడు. వాన చినుకులు మెడ మీంచి కాలర్లోకి జారుతుంటే, బూట్ల ముందున్న నీటి గుంటని చూస్తూ అలాగే ఉండిపోయాడు.

ఆ గుంటలోకి ఒక చిన్న టైరు వచ్చి ఆగింది.

అదిరిపడ్డాడు. అద్దం దిగిన చప్పుడైంది.

"ఇప్పుడు చెప్పండి. ఎందుకు దాచారు?"

తల ఎత్తితే మాట రాదని అతనికి తెలుసు. నేల చూస్తూనే చెప్పేశాడు.

"కారిచ్చేస్తే మీరిక ఫోన్ చెయ్యరని. మీరు ఫోన్ చెయ్యని రోజు నాకు అన్నం సయించదండీ. మీరంటే నాకు ప్రాణం. మిమ్మల్ని వర్షంలో బస్సుల కోసం నిలబెట్టాను. తప్పే. తిట్టండి."

వైపర్ రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది.

"నా బస్‌స్టాప్ ఎక్కడో తెలుసా మీకు?" అంది చినత్సు. "మీ షెడ్డు వెనక రోడ్డులో. మొదటి వారమే గాలికి కవరు లేచింది. నా కారు నాకు కనిపించింది."

షున్‌పే చటుక్కున తల ఎత్తాడు. "తెలిసీ... మరి రెండు రోజులకోసారి ఫోన్..." అన్నాడు.

"కారు వచ్చేసిన సంగతి నాకు తెలుసని చెప్పేస్తే, ఇక ఏ వంకతో ఫోన్ చెయ్యను? ఈయనే చెప్తాడు, ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అని చూశాను. ఓపిక అయిపోయి రద్దు చేస్తానని బెదిరించాను. అంతా బయటపడ్డాకైనా చెప్తారనుకుంటే, కాగితాలంటారా! కాగితాలు!"

ఏడుస్తోందో నవ్వుతోందో అతనికి అర్థం కాలేదు. రెండూ అని కాసేపటికి తెలిసింది. గొడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చిన ఓచి, సగం దారిలోనే కొయ్యబారిపోయాడు.

"ఇదిగో నాయనా," వెనక సీట్లో పూలగుత్తి పక్కకి తప్పించి అమ్మమ్మ తొంగిచూసింది. "నీ పేరేమన్నావు?"

"షున్‌పే అండీ."

"ఆ తడి కోటు విప్పి ముందు సీట్లో కూర్చో షున్‌పే. ఒక్క మాటకి మీ ఇద్దరికీ మూడు వారాలు పట్టింది. ఈ లెక్కన పెళ్లి మాటకి ఎన్నాళ్లు పడుతుందో! నాకు ఎనభై నాలుగేళ్లు. ఆ మాట కూడా ఇవాళే కానివ్వండి."

"అమ్మమ్మా!" అని కెవ్వుమన్నారు, చినత్సూ షున్‌పే ఇద్దరూ ఒక్కసారే.