మర్యాద ముక్క

జగదాంబ గారు స్వయంగా కోసిచ్చిన మామిడి తాండ్ర ముక్కని, పనిలో చేరిన మొదటి రోజే విజయ్ పాల్ పనికిరాదనేశాడు.

రావులపాలెం దగ్గర ఆవిడ తాండ్ర యూనిట్లో అలాంటి మాట అంతకుముందు ఎవరూ అనలేదు. ఆర్డర్లు చూసుకునే మనవరాలు హరిచందన కంప్యూటర్ మీంచి తలెత్తి, ఎవరీ మొనగాడు అన్నట్టు చూసింది.

టెస్ట్ రిపోర్టు లేనిదే సరుకు తీసుకోమని పెద్ద కొట్లవాళ్ళు పట్టుబట్టడంతో, ధవళేశ్వరం నుంచి ఈ క్వాలిటీ కుర్రాణ్ణి ఆవిడ అయిష్టంగానే పెట్టుకుంది. అయినా మర్యాద మర్యాదే కదా! బాగా ఎండిన ముక్క ఏరి మరీ ఇచ్చింది.

"ఇది శాంపిల్ కాదండి, మర్యాద," అన్నాడతను నవ్వుతూ. "తినమంటే తింటాను. టెస్టుకి మాత్రం నేనే కోసుకుంటానండి."

తాండ్ర ఆరబోసిన చాపల నంబర్లు చీటీల మీద రాసి, స్టీలు గ్లాసులో వేసి చందన ముందు పెట్టాడు.

"ఒకటి తీయండి."

"ఇదేంటి, లక్కీ డిప్పా?"

"నేనైతే మంచిదో చెడ్డదో ఏరతానండి. అలా ఏరకూడదు. ఏది వస్తే అది మొత్తం సరుకు సంగతి చెప్పాలి."

ఆమె తీసిన చాప దగ్గరికి వెళ్ళి అంచుల్లో, నడిమధ్యలో, అడుగు పొరలో ముక్కలు కోశాడు. "నిక్షేపం లాంటి చాపకి కన్నం పెట్టాడే!" అని జగదాంబ గారు గుండెలు బాదుకుంది.

చందనకి మాత్రం అతని పనంతా వింతగా ఉండేది. రోజుకో ప్రశ్న వేసేది.

"సరుకు అమ్మేశాక కూడా బీరువాలో ఓ ముక్క దాస్తారెందుకండీ?"

"రేపెవరైనా పాడైందంటే, తప్పు మన దగ్గరుందో వాళ్ళ కొట్లో ఉందో తెలియాలి కదండీ."

"మనదే అని తేలితే?"

"సరిచేసుకుంటాం. టెస్టు చేసేది తిట్టడానికి కాదండి."

అది చెప్పేటప్పుడు అతని కళ్ళు భలే మెరిసేవి. అందుకని జవాబు తెలిసిన ప్రశ్నలు కూడా అడిగేది.

జూన్‌లో తొలి వాన పడింది. లారీకి ఎక్కించాల్సిన తాండ్ర మధ్యలో ఇంకా తడి ఉందని విజయ్ సంతకం పెట్టనన్నాడు.

"అంచులు గలగల్లాడుతుంటే తడి ఏంటి?" జగదాంబ గారికి కోపం నషాళానికి అంటింది. "రేపట్నుంచి రావద్దు నువ్వు!"

"సరేనండి. ఆ లోడు మాత్రం పంపకండి," అని, చందన వైపు ఒక్కసారి చూసి, వానలోనే బండెక్కి వెళ్ళిపోయాడు. ఆమెకి ఏడుపొచ్చింది.

ఏడుస్తూనే చాప అంచు నుంచి ఒక ముక్క, మధ్య నుంచి ఒక ముక్క కోసి రెండు డబ్బాల్లో పెట్టింది. "వారం ఆగు మామ్మా," అని బతిమాలింది.

వారం తిరిగేసరికి అంచు ముక్క అలాగే ఉంది. మధ్య ముక్క మీద తెల్లగా బూజు పట్టింది.

జగదాంబ గారు ఆ డబ్బా చేతిలోకి తీసుకుంది. "దీన్నా జనానికి పెట్టబోయాను?" అని, మనవరాలి వైపు తిరిగింది. "అతనంటే ఇష్టమా?"

"చాలా ఇష్టం మామ్మా."

"పద, వాళ్ళింటికి."

"ఫోన్ చేసి చెప్తాను."

"వద్దు. చెప్పి వెళ్తే మర్యాద ముక్కే పెడతారు."

ధవళేశ్వరంలో వాళ్ళు వెళ్ళేసరికి విజయ్ లుంగీ కట్టుకుని గుమ్మంలో బెండకాయలు కోస్తున్నాడు. తల్లి దీనమ్మ, ముక్కలు పెద్దవైపోయాయని తిడుతుంటే నవ్వుతున్నాడు. వీళ్ళని చూసి కంగారుగా లేచాడు.

"పొరపాటు నాదే బాబూ. రేపు పనిలోకి రా," అంది జగదాంబ గారు. "ఇంకో మాట. మా పిల్లకి నువ్వంటే ఇష్టంట. మరి నీకో?"

"తను మొదటి చీటీ తీసినప్పట్నుంచీ ఇష్టమేనండి," అన్నాడు, చందన వైపు చూస్తూ. చందన నేల చూపులు చూసింది.

"మేం చర్చికెళ్ళేవాళ్ళమండి..." అని నసిగింది దీనమ్మ.

"గోడ మీద యేసుప్రభువు కనబడటంలా? నేనేం గుడ్డిదాన్నా అమ్మా! తల్లి తిడుతుంటే నవ్వే పిల్లాడూ కనబడ్డాడు. నాకది చాలు."

"ఒక్క శాంపిల్‌తో తేల్చకూడదండి మామ్మగారూ," అన్నాడు విజయ్.

"అయితే మీరూ మా ఇంటికి రండి. చర్చి అయ్యాక, ఓ ఆదివారం. ఏ ఆదివారమో మాత్రం చెప్పకండి!"

ఆ నెలంతా ప్రతి శనివారం చందన ఇల్లు సర్దింది. ఎంతైనా మర్యాద మర్యాదే కదా!